విడుదల కాని వాటి పేర్లు

ఈ స్మారకోపన్యాసానికి ఎంచుకున్న విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక వస్తువు ఇంకా తయారీలోనే ఉన్నప్పుడు దాన్ని ఏ పేరుతో పిలవాలి, దాని మీద ఏమని రాయాలి? సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. సభ జరుగుతున్న ఈ వాడరేవు తీరంలో ఇసుక దిబ్బలు దాటి, చీరాల మీదుగా పర్చూరు, ఇంకొల్లు నల్లరేగడిలోకి వెళ్తే, పత్తీ మిరపా వేసే రైతుకు కూడా ఇదే ప్రశ్న ఏటా విత్తనం రూపంలో ఎదురవుతుంది. ఈ రెండు లోకాల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే. పూర్తికాని సరుకు ముందుగానే జనంలోకి వెళ్లిపోవడానికి దురాశ ఒక కారణం, తొందరపాటు ఇంకో కారణం. కానీ మనం పట్టించుకోని పెద్ద కారణం దాని పేరు. పూర్తయ్యాక పెట్టాల్సిన పేరును ముందే తగిలించి ఉంచితే, ఎవరో ఒకరు, చాలాసార్లు మంచి మనసుతోనే, దాన్ని పంచేస్తారు. కాబట్టి పూర్తికానిదానికి పెట్టే పేరు, పూర్తయినదని ఎవరూ పొరబడటానికి వీల్లేని పేరై ఉండాలి.

ముందు సాఫ్ట్‌వేర్ చరిత్రలో అందరికంటే స్పష్టంగా ఈ పాఠం నేర్చుకున్నవారి సంగతి చెబుతాను. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్, లినక్స్ మీద కట్టిన ఒక ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, కాపీ చేయవచ్చు, సీడీల్లో వేసి అమ్ముకోవచ్చు కూడా. 1995 చివర్లో స్వచ్ఛంద కార్యకర్తలు దాని తొలి పెద్ద సంచికను తయారుచేస్తున్నారు. ప్రోగ్రామ్ ఫైళ్లు పాత పద్ధతి నుంచి ఈఎల్ఎఫ్ అనే కొత్త పద్ధతికి మారుతున్న సమయం అది. సగం మారాయి, సగం మారలేదు. సరిగ్గా ఆ దశలో ఇన్ఫోమ్యాజిక్ అనే అమెరికా సీడీల కంపెనీ ఆ ఫైళ్లను తీసుకుని, నవంబరు 1995 నాటి తన అయిదు సీడీల పెట్టెలో, 'డెబియన్ 1.0' అన్న పేరుతో వేసి పంపేసింది. ఇందులో మోసం లేదు. కొత్త సంచికను త్వరగా జనానికి అందించాలన్న ఉత్సాహమే ఉంది. డిసెంబరు 11న డెబియన్ బృందమూ, ఆ కంపెనీ కలిసి ఒక ప్రకటన చేయాల్సి వచ్చింది: ఆ సీడీలో ఉన్నది 1.0 కాదు, అది తయారీలో ఉన్న తొలి రూపం, బహుశా బూట్ కూడా కాదు, వాడవద్దు అని. సీడీ అచ్చయ్యాక వెనక్కి తీసుకోలేరు. చల్లిన విత్తును ఏరుకోలేనట్టే. అందువల్ల బృందం తన సంఖ్యనే వదులుకుంది. అసలు సంచిక 1996 జూన్ 17న 1.1 పేరుతో వచ్చింది.

ఈ ఘటనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ సీడీల పెట్టె పేరు. దాని మీద 'లినక్స్ డెవలపర్స్ రిసోర్స్' అని ఉంది. అంటే ఇది పనివాళ్ల కోసం, మామూలు వాడుకదారుల కోసం కాదు అన్న హెచ్చరిక ఒక విధంగా పెట్టె మీదే ఉంది. అయినా అది పనిచేయలేదు. ఎందుకంటే మనిషి కన్ను ముందుగా వెతికేది అంకెను. 1.0 అన్న అంకె కంటబడ్డాక చుట్టూ ఎన్ని మాటలు రాసినా చదివేవారుండరు. '1.0' అంటే ఈ రంగంలో అర్థం ఒక్కటే: మేం దీనికి పూచీ పడుతున్నాం అని. తయారీలో ఉన్నదానికి ఆ అంకెను ముందే ఇవ్వడం, పెళ్లిచూపులనాడే శుభలేఖలు అచ్చువేయించడం వంటిది. తరువాత డెబియన్ అనుసరించిన పద్ధతి చూడండి. తయారీలో ఉన్న సంచికకు అంకె ఉండదు, ముద్దుపేరే ఉంటుంది. 1.1కు బజ్, ఆ తర్వాతివాటికి రెక్స్, బో, హామ్. అన్నీ 'టాయ్ స్టోరీ' అనే బొమ్మల సినిమాలోని పాత్రల పేర్లు. అంకె విడుదలతో వస్తుంది. ఎప్పటికీ పూర్తికాని, ఎప్పుడూ మార్పుల్లోనే ఉండే భాగానికి మాత్రం 'సిడ్' అన్న పేరు శాశ్వతంగా ఉంచేశారు. ఆ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి పిల్లవాడి పేరది. దాన్ని చూసి పూర్తయిన సంచిక అని పొరబడేవాళ్లు ఉండరు.

ఒక్క ఘటన మీద సిద్ధాంతం కట్టడం సరికాదు కాబట్టి మరొకటి చెబుతాను. జీసీసీ అనేది ప్రోగ్రామర్లు రాసిన దాన్ని యంత్ర భాషలోకి మార్చే కంపైలర్. 2000 సంవత్సరంలో దాని విడుదలైన సంచిక 2.95. తయారీలో ఉన్నదాన్ని బృందంలోని వాళ్లు 2.96 అని పిలుచుకుంటున్నారు. అది పూర్తయ్యాక 3.0గా రావాలి. ఆ ఏడాది సెప్టెంబరులో రెడ్ హ్యాట్ సంస్థ తన లినక్స్ 7లో ఈ తయారీ రూపాన్నే, తన సవరణలు కొన్ని చేర్చి, 2.96 పేరుతో పంపింది. 2.95లో సీ ప్లస్ ప్లస్ భాషకు మద్దతు చాలదన్నది వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ దానితో కంపైల్ చేసిన సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు అటు 2.95తోనూ, ఇటు రాబోయే 3.0తోనూ కలవవు. లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌ను కంపైల్ చేయడానికి అదే సంచికలో ఇంకో పాత కంపైలర్‌ను విడిగా ఇవ్వాల్సి వచ్చింది. అక్టోబరులో జీసీసీ సంచాలక సంఘం ప్రకటన చేసింది: 2.96 అనే విడుదల లేదు, ఎప్పటికీ ఉండదు. గందరగోళం తగ్గించడానికి మా తయారీ సంఖ్యను 2.97కు మారుస్తున్నాం అని. 95 తర్వాత 96 వస్తుందని ఒకటో తరగతి పిల్లవాడికి తెలుసు. 2.95 చేతిలో ఉన్నవాడికి 2.96 కనిపిస్తే అది పెరిగిన మెట్టుగానే కనిపిస్తుంది. 2015లో అయిదో సంచిక నుంచి వారు పద్ధతే మార్చారు. తయారీలో ఉన్నదానికి 5.0, విడుదలైనదానికి 5.1. దానికి తోడు, తయారీ రూపాన్ని నీ వెర్షన్ ఏమిటని అడిగితే అంకె పక్కన ఆ రోజు తేదీనీ, 'ప్రయోగాత్మకం' అన్న అర్థమిచ్చే మాటనూ అదే చెబుతుంది. ఆ మాట పెట్టె మీద లేదు, ప్రోగ్రామ్ లోపల ఉంది. పెట్టె పారేసినా మాట పోదు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. తయారీలో ఉన్నప్పుడు ఒక గుర్తు, విడుదలయ్యాక మరొకటి అన్న పద్ధతి మన వ్యవసాయ పరిశోధనా కేంద్రాలకు కొత్తది కాదు. డెబియన్‌కు తిరగేసి, ఇక్కడ అంకె ముందు, పేరు తరువాత. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న బాపట్లలో పుట్టిన వరి రకం బీపీటీ 5204. 1986లో విడుదలయ్యాక అది సాంబ మసూరి. మారుటేరు కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029కి స్వర్ణ అని, ఎంటీయూ 1010కి కాటన్‌దొర సన్నాలు అని పేర్లు. 1922 నుంచి ఉన్న గుంటూరు లాం ఫారం మిరప రకాలకు ఎల్‌సీఏ సంఖ్యలు. అంకె అంటే పరిశోధనలో ఉన్నది, పేరు అంటే పొలానికి వచ్చింది అన్న చక్కని విభజన ఇది. కానీ జరిగిందేమిటి? రైతులు బీపీటీ అనే అంటారు, ధాన్యం కొట్టుల్లో వెయ్యి పది అనే అడుగుతారు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిరప బస్తాల) మీద రాసే రకాల్లో తేజ, బాడిగ పక్కనే 334 ఉంటుంది. అది లాం ఫారం ఇచ్చిన సంఖ్యే. అంటే జనం అంకెనే పేరు చేసుకున్నారు. ఇది నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యమే. అంకెను చూస్తే పూర్తయిందో కాలేదో తెలియదు. 5204కీ, పరీక్షలో విఫలమై పక్కన పడేసిన ఏదో ఒక 5203కీ తేడా రైతు చెవికి వినిపించదు. కాబట్టి అంకె ఒక్కటే చాలదు. విడుదల కానిది అన్న మాట కూడా పక్కన ఉండాలి, దానితోపాటే ప్రయాణించాలి.

ప్రయాణించడం అన్నది ఎంత కష్టమో ఒక విత్తన బస్తాను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు చీటీ, మూల విత్తనానికి తెల్ల చీటీ, ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ. పంట, రకం, లాటు నంబరు, పరీక్ష తేదీ, ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్నవి దాని మీద ఉంటాయి. ఆ చీటీని బస్తా మూతితో కలిపి కుట్టి సీలు వేస్తారు. చదవడం వచ్చిన ఎవరికైనా ఆ చిన్న కాగితం ఆ విత్తనం చరిత్ర మొత్తం చెబుతుంది. కానీ దారం లాగి మూతి విప్పిన క్షణంలో కాగితం ఒక చేతిలో, విత్తనం ఇంకో చేతిలో. మర్నాటికి కాగితం గట్టు మీద ఉంటుంది. పక్కింటి రైతుకు చేటలో పోసిచ్చిన విత్తనానికి ఇక ఏ రంగూ లేదు. పత్తిలో ఇది ఇంకా స్పష్టంగా రుజువైంది. పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు బీటీ కాని పత్తి విత్తనం 120 గ్రాములు విడి పొట్లంలో ఇచ్చేవారు. పురుగు బీటీకి అలవాటు పడకుండా పొలం చుట్టూ వేయమని. చాలామంది ఆ పొట్లం వేయలేదు, పక్కన పడేశారు. గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చింది. అందుకు ఇది ఒక కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. చివరకు ఏం చేశారు? విడి పొట్లం తీసేసి, ఆ విత్తనాన్ని అదే ప్యాకెట్టులో కలిపేసి 475 గ్రాములుగా ఇస్తున్నారు. జీసీసీ తన హెచ్చరికను ప్రోగ్రామ్ లోపల పెట్టినదీ ఈ ఆలోచనతోనే. విడిగా ఇచ్చినది విడిపోతుంది.

ఇక ఈ ఉపన్యాసానికి అసలు కారణమైన పేరు దగ్గరకు వస్తాను. మన దేశంలో బోల్‌గార్డ్, అంటే బీజీ-1, అన్న తొలి బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువులున్న బీజీ-2కు 2006లో వచ్చింది. కలుపు మందు గ్లైఫోసేట్‌ను కూడా తట్టుకునే పత్తికి అనుమతి కోసం వేసిన దరఖాస్తును 2016లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. అంటే పరీక్షల దారిలో మధ్యలో ఆగిపోయిన సరుకది. అయినా ఆ జన్యువున్న విత్తనం ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర పొలాల్లో విస్తారంగా కనిపించడంతో 2017లో కేంద్రం తనిఖీ కమిటీని వేసింది. మన ఊళ్లలో ఆ విత్తనానికి చెలామణీలోకి వచ్చిన పేరు బీజీ-3. ఈ పేరు ఎంత పనిచేసిందో ఆలోచించండి. బీజీ-1 చూశాం, బీజీ-2 చూశాం, ఇది దాని తరువాతి మెట్టు అని రైతు అనుకోవడం సహజం. కానీ ఆ విత్తనంలో పురుగును ఎదిరించే కొత్త గుణమేదీ లేదు. గులాబీ రంగు పురుగుతో సతమతమయ్యే రైతుకు 3 అన్న అంకె చూపిన ఆశ, ఆ గింజలో లేనే లేదు. పైగా బోల్‌గార్డ్-3 అన్న పేరుతో మూడు పురుగు నిరోధక ప్రోటీన్లున్న పత్తి వేరే ఉంది. ఆస్ట్రేలియాలో 2016 నుంచి పండిస్తున్నారు. మన దగ్గర లూజుగా అమ్మింది అది కాదు. 2.96 అన్న అంకెను కనీసం దాన్ని తయారుచేసినవాళ్లు వాడుకున్నారు. బీజీ-3 అన్న అంకెను ఇక్కడ ఎవరూ ఇవ్వలేదు. అది సంతలో పుట్టింది.

రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కలుపు తీతకు కూలీలు దొరక్క, దొరికినా కూలి గిట్టక, చాళ్ల మధ్య గడ్డి చూస్తూ కూర్చోలేక ఆ విత్తనం వేశాడు. అతని అవసరం నిజమైనది. అతనికి అన్యాయం చేసింది, తానేం కొంటున్నాడో తెలియకుండా చేసిన ఆ పేరు. బిల్లు లేదు, లాటు నంబరు లేదు; మొలక రాకపోతే అడగడానికి చేతిలో కాగితం లేదు. గాలికి ఆ కలుపు మందు పక్క చేలో మిరప మీద పడితే, ఆ మిరపకు ఏ జన్యువూ రక్షణగా లేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. చీటీలూ అనుమతులూ అంటూ కూర్చుంటే మంచి రకాలు కూడా బయటికి రావు కదా? దీనికి మన రాష్ట్రం నుంచే గొప్ప ఉదాహరణ ఉంది. మలేషియాలో 1965లో విడుదలైన మసూరి వరి 1960ల చివర్లో మన పరీక్షల్లోకి వచ్చింది. పడిపోతుందని శాస్త్రవేత్తలు పక్కన పెట్టారు. ఆంధ్రలో ఒక వ్యవసాయ కూలీ ఆ విత్తనం కొంత తీసుకెళ్లి వేశాడనీ, అది చేతి నుంచి చేతికి పాకి దేశంలోనే ఎక్కువగా సాగైన రకాల్లో ఒకటైందనీ వ్యవసాయ శాస్త్ర రచనల్లో నమోదై ఉంది. పైన చెప్పిన సాంబ మసూరికీ, స్వర్ణకూ కూడా ఆ మసూరే ఒక మాతృక. ఆ కూలీ తీసుకెళ్లకపోతే మన అన్నం రుచే వేరుగా ఉండేది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చను. కానీ అతను ఏం తీసుకెళ్లాడో అతనికి తెలుసు. పరిశోధనా పొలంలో దాన్ని కళ్లతో చూసే ఉంటాడు. వేరే దేశంలో విడుదలైన రకమది. పడిపోతే ఒక కారులో తెలిసిపోతుంది, మరుసటి ఏడు మానేయొచ్చు. తెలిసి తీసుకున్నవాడికీ, పేరు చూసి మోసపోయినవాడికీ మధ్య ఉన్న తేడాయే చీటీ కాపాడేది. చీటీ గోడ కాదు, ఎవరినీ ఆపదు. తీసుకునేవాడికి నిజం చెబుతుంది, అంతే. పరిశోధకులు రైతులకిచ్చే మినీకిట్లు కూడా చేసేది అదే: ఇది ఇంకా పరీక్షలో ఉంది, కొంచెం వేసి ఎలా ఉందో చెప్పండి అని.

సాఫ్ట్‌వేర్‌లోనూ దీనికి సాక్ష్యముంది. 2008 సెప్టెంబరులో లినక్స్ కెర్నల్ 2.6.27 తయారీ రూపం ఒకటి కొన్ని ఇంటెల్ నెట్‌వర్క్ కార్డుల లోపలి మెమరీని చెరిపేసి పనికిరాకుండా చేసింది. యంత్రమే పాడైంది కాబట్టి చిన్న విషయం కాదు. కానీ దాని పేరులోనే పరీక్ష రూపమని ఉంది. దాన్ని మోసిన ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసె సంచికలూ ఆల్ఫా, బీటా అనే పరీక్ష దశల్లోనివే. నష్టం ఎక్కువగా తెలిసి వేసుకున్నవాళ్ల దగ్గరే ఆగింది. 

మరో అభ్యంతరం దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది: పూర్తికానిదే కొన్నిసార్లు మెరుగు కదా, దాని మీద హెచ్చరిక రాసి జనాన్ని భయపెట్టడం ఎందుకు? తెలుగువాళ్లు ఈ అభ్యంతరాన్ని మరవలేరు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఐఫోన్‌లో మెసేజీల యాప్ కుప్పకూలింది. జ్ఞానం అన్న మాటకు తలుపు తీసే అక్షరమే ఫోను పాలిట గండమైంది. ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్‌లో విడుదలైన 11.2.5లో ఆ లోపం ఉంది. పరీక్షలో ఉన్న 11.3 బీటాలో లేదు. అంటే ఆ వారం బీటా ఉన్నవాడే సుఖంగా ఉన్నాడు. అయినా ఆపిల్ అందరినీ బీటాకు మారమనలేదు. ఆ ఒక్క లోపం సరిచేసి ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసింది. అదే సరైన పని. బీటా అన్న మాటకు అర్థం చెడ్డది అని కాదు. ఇంకా పూచీ పడలేదు అని. పూచీ లేనిది బాగుండవచ్చు. బాగుంటుందని ఎవరూ మాటివ్వలేదు, అంతవరకే.

ఇంకొందరు స్వేచ్ఛ పేరుతో అడుగుతారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా పంచుకోవచ్చు కదా, పూర్తికానిదాన్ని పంచవద్దని చెప్పే హక్కు ఎవరికుంది? చెప్పే హక్కు నిజంగానే లేదు. కానీ ఆ స్వేచ్ఛను రాసిపెట్టిన జీపీఎల్ లైసెన్సే ఒక షరతు పెట్టింది. మార్చి పంచేవాడు తాను మార్చానని స్పష్టంగా రాయాలి, ఇతరులు చేసిన తప్పు మొదటి రచయిత ఖాతాలో పడకూడదు అని. పంచుకునే స్వేచ్ఛ ఎంత ఎక్కువైతే పేరు విషయంలో నిజాయితీ అంత అవసరమవుతుంది. తాళం వేసే వీలున్న చోట పేరు ఎలా ఉన్నా గడిచిపోతుంది. తాళం లేని చోట పేరే కాపలా.

అయితే పేరును చీటికీమాటికీ వాడితే అది కూడా చెడిపోతుంది. జీమెయిల్ 2004 ఏప్రిల్‌లో బీటాగా మొదలై 2009 జూలై దాకా, అయిదేళ్లకు పైగా, ఆ మాటను మోసింది. అప్పటికి కోట్లమంది దాని మీదే బతుకుతున్నారు. అలా వాడాక బీటా అన్న మాట చూసి ఎవరు ఆగుతారు? విత్తనం చీటీ ఇక్కడ మేలు. పరీక్ష చేసిన నాటి నుంచి తొమ్మిది నెలలు చెల్లుతుంది. ఆ తరువాత మళ్లీ పరీక్షించాలి, లేదా ఆ చీటీకి విలువ లేదు. పూర్తికాని సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి గడువు ఉండాలి. ఈ తేదీ దాటితే ఇది పనిచేయదు, కొత్తది తెచ్చుకోండి అని అదే చెప్పాలి.

పూర్తికానిదని చెప్పే ఆ మాట తెలుగులో ఉండాలి. ఆల్ఫా, బీటా, ఆర్‌సీ అన్న పరీక్ష దశల పేర్లు తెలిసినవాడికి తెలిసినవే, తెలియనివాడికి అవీ బ్రాండు పేర్లే. మనకు ఇంతకంటే మంచి మాట వాడుకలో ఉంది: ముసాయిదా. ఓటర్ల ముసాయిదా జాబితాను అందరి ముందూ పెడతారు, దాచరు. కానీ అది తుది జాబితా అని ఒక్కరూ అనుకోరు. మీ పేరు లేకపోతే ఫలానా తేదీలోగా చెప్పండి అని దాని పేరూ, గడువూ, చేయవలసిన పనీ కలిసే ఉంటాయి. పూర్తికాని దాన్ని బయటపెట్టడం ఎలాగో మన పంచాయతీ ఆఫీసు గోడకే తెలుసు.

అందుకని ఈ తీరంలో చదువుకుని హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ప్రోగ్రాములు రాస్తున్న పిల్లలకు నా విన్నపం: తెలుగువాళ్లు వాడే యాప్ తయారీలో ఉన్నప్పుడు దానికి 1.0 అని రాయకండి, ముసాయిదా అని తెలుగులో, తేదీతో సహా, తెర మీద కనిపించేలా రాయండి. విత్తనం కొనే రైతుకు నా విన్నపం: అంకె కాదు, బిల్లు అడగండి, చీటీ విప్పాక దాచండి, ఎవరు విడుదల చేశారో అడగండి. బీజీ-3 పేరుతో ఏ పత్తి విత్తనానికీ ఈ దేశంలో అనుమతి లేదు.